ఎత్తు మడా, పల్లపు మడా? శరత్కాలానికి సీమ పెరళ్లను సిద్ధం చేసుకునే తీరు

ఉత్తర కార్తె ముగిసి హస్త ప్రవేశించే సెప్టెంబరు చివరి వారం మొదలుకొని, విశాఖ కార్తె నడిచే నవంబరు నడిమి వరకు ఉన్న ఏడెనిమిది వారాలు రాయలసీమ పెరటి తోటకు ఏడాది మొత్తంలో అత్యంత విలువైనవి. నేలలో పదును నిలిచి ఉంటుంది, జూన్ నుంచి ఆగస్టు దాకా మొక్కలను వంచేసిన గాలి నెమ్మదిస్తుంది, రాత్రులు చల్లబడడం మొదలవుతుంది. ఈ వారాల్లో వేసిన విత్తనమే సంక్రాంతి నాటికి ఇంటి వంటకు అక్కరకు వస్తుంది. అయితే ఈ కాలానికి పెరటిని ఎలా సిద్ధం చేయాలన్న ప్రశ్నకు అనంతపురంలో సరిపోయే సమాధానం కడపలో సరిపోదు, కర్నూలులో మేలు చేసే పద్ధతి అనంతపురంలో నష్టం చేయవచ్చు. అందువల్ల ఏ పంట వేయాలన్న ఆలోచనకు ముందు వాన, నేల, నీరు అనే మూడింటిని చూసుకుని, ప్రతి పనికీ ఉన్న రెండు మూడు దారుల్లో తమ పెరటికి తగినదేదో తేల్చుకోవడం అవసరం.

వానతో మొదలుపెడదాం. పాత జిల్లాల లెక్కన అనంతపురంలో సాలీనా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు, కర్నూలులో 670, కడపలో 700 దాకా ఉంటుంది. అంకెల్లో తేడా పెద్దగా లేదనిపించినా ఆ వాన ఎప్పుడు కురుస్తుందన్నదే తోటమాలికి ముఖ్యం. అనంతపురానికి సెప్టెంబరే పెద్ద వాన నెల, అక్టోబరు దాటితే ఆకాశాన్ని నమ్ముకునే పని లేదు. కర్నూలు ప్రధానంగా నైరుతి మీద ఆధారపడిన ప్రాంతం కనుక అక్టోబరు నడుమ నుంచి నేలలో దాగిన తేమే పెట్టుబడి. కడపలో మాత్రం ఈశాన్య రుతుపవనాల వాటా చెప్పుకోదగ్గది, బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిన ప్రతిసారీ అక్టోబరు, నవంబరు నెలల్లో కుండపోత వానకు అవకాశం ఉంటుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు వరదకు రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది కూడా ఈ కాలపు వానల వల్లనే. ఉత్తర కార్తెలోనూ వాన పడకపోతే గంప ఎత్తుకుని ఊరు విడవాల్సిందేనన్న అర్థంలో ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న మాట పుట్టిన సీమలోనే, రెండు నెలలు తిరగకముందే పెరట్లో మోకాటి లోతు నీరు నిలిచే ఊళ్లూ ఉన్నాయన్నది మరచిపోకూడదు.

మడి: నేల మట్టానికి పైనా, కిందా?

శరత్కాలపు తోటలో మొదటి నిర్ణయం, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం, మడిని నేల మట్టం కంటే ఎత్తుగా కట్టుకోవడమా, పల్లంగా తీసుకోవడమా అన్నది. ఇటీవల ఎక్కడ చూసినా ఎత్తు మడుల ప్రచారమే కనిపిస్తున్నది. అవి చూడముచ్చటగా ఉంటాయనడంలో సందేహం లేదు కానీ, వాన తక్కువైన ఎర్ర నేలలో ఎత్తు మడి కట్టడమంటే ఉన్న కొద్ది తేమను నాలుగు వైపుల నుంచీ ఎండకు అప్పగించడమే.

నిర్ణయానికి ఒక చిన్న పరీక్ష చాలు. పెరట్లో అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తీసి, నీటితో నింపి, ఆ నీరు ఇంకిన తరువాత రెండోసారి నింపాలి. రెండోసారి పోసిన నీరు గంటలోపు ఇంకిపోతే అది నీటిని నిలుపుకోలేని నేల, నాలుగైదు గంటలు గడిచినా గుంతలో నీరు కనిపిస్తుంటే అది వేర్లకు ఊపిరి ఆడనివ్వని నేల. మొదటిదానికి పల్లపు మడి, రెండోదానికి ఎత్తు మడి. వీటి నడుమ ఉన్న నేలకు సమమట్టపు మడి చుట్టూ చిన్న గట్టు సరిపోతుంది.

అనంతపురం పరిసరాల్లోని ఎర్ర ఇసుక నేలలూ, గరుసు నేలలూ చాలావరకు మొదటి తరగతికి చెందుతాయి. అక్కడ మడిని నడక దారి కంటే నాలుగైదు అంగుళాలు లోతుగా, మూడు నుంచి నాలుగడుగుల వెడల్పుతో తీసి, తవ్విన మట్టినే చుట్టూ గట్టుగా వేసుకుంటే, కురిసిన ప్రతి చినుకూ వేరు దగ్గరికే చేరుతుంది. ఈ నేలలకు ఉన్న ఇంకో గుణం, గట్టి వాన వెలిసి ఎండ కాయగానే పైన పెచ్చు కట్టడం. మెంతి వంటి చురుకైన మొలక ఆ పెచ్చును పగలగొట్టుకుని వస్తుంది కానీ, క్యారెట్, కొత్తిమీర వంటి నెమ్మది మొలకలు దాని కిందనే వాడిపోతాయి. విత్తిన సాలు మీద తవ్విన మట్టిని కాకుండా జల్లించిన ఎరువును అర అంగుళం మందాన చల్లితే ఈ చిక్కు తప్పుతుంది. ఎర్ర నేలకు చెరువు మట్టి తోలించడం మన ప్రాంతంలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు, అది నిజంగా పనికి వచ్చేదే. మడిలో రెండంగుళాల మందం పరచి పైమట్టితో కలిపితే నీరు పట్టి ఉంచే గుణం కొన్నేళ్లపాటు నిలుస్తుంది.

కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడిలో ఇదంతా తలకిందులవుతుంది. తడిస్తే ఉబ్బి ముద్దయ్యే, ఎండితే బీటలు తీసే ఆ నేలలో పల్లపు మడి వేస్తే ఒక్క వానకే నారు కుళ్లిపోతుంది. అక్కడ ఆరు నుంచి తొమ్మిది అంగుళాల ఎత్తు మడి కట్టి, మడుల నడుమ నీరు బయటికి పోయే కాలువ తప్పనిసరిగా పెట్టుకోవాలి. నల్లరేగడికి ఇసుక కలిపితే గుల్లబారుతుందని చాలామంది నమ్ముతారు. బంకమట్టిలో ఇసుక ఫలితం చూపాలంటే దాదాపు మట్టికి సమానంగా పోయవలసి వస్తుంది, నాలుగు గంపలు కలిపి ఊరుకుంటే మట్టి మరింత గట్టిపడే ప్రమాదం కూడా ఉంది. ఇసుకకు పెట్టే డబ్బును చివికిన ఎరువుకు పెట్టడమే తెలివైన పని. చెరువు మట్టిని ఈ నేలల్లోకి అసలు తేకూడదు. అన్నిటికీ మించి, నల్లరేగడిని తడిగా ఉన్నప్పుడు తవ్వవద్దు. పిడికెడు మట్టి తీసుకుని ఉండ చేసి నడుము ఎత్తు నుంచి వదిలితే, అది పొడిపొడిగా విడిపోయిన రోజునే పార పట్టాలి, ముద్దగానే పడితే ఇంకో రెండు మూడు రోజులు ఆగాలి.

కడప విషయంలో ఒకే మాట చెప్పడం కుదరదు. ఆ జిల్లాలో ఎర్ర గరుసూ ఉంది, నల్లరేగడీ ఉంది, పెన్న, పాపాఘ్ని ఒడ్డున ఒండ్రూ ఉంది. నల్ల నేలకు, ఒండ్రు పల్లాలకు ఎత్తు మడినే ఎంచుకోవాలి. ఎర్ర గరుసు నేలకు పల్లపు మడి తీసినా, గట్టుకు ఒక మూల వెంటనే గండి పెట్టగలిగేలా ఇటుక పెచ్చుతో మూసిన చిన్న తూము వదలాలి. వాయుగుండం వార్త వినగానే ఆ ఇటుక తీసేస్తే మడిలో నీరు నిలవదు. ఎత్తు మడి అంచులకు మన దగ్గర చవకగా దొరికే కడప బండలు, బేతంచెర్ల, తాడిపత్రి నాపరాళ్ల ముక్కలు బాగా పనికివస్తాయి, చెక్కలా చెదలు పట్టవు. వాటిని పాలిష్ పట్టే చోట మిగిలే తెల్లటి పొడిని మాత్రం మడి నింపడానికి తేవద్దు. అది సున్నపురాతి పొడి కనుక, ఇప్పటికే క్షారగుణం ఉన్న మన నేలలకు అదనపు బరువు అవుతుంది.

నేలా, మిద్దా?

రోజుకు ఐదారు గంటల ఎండ తగిలే మూడడుగుల నేల ఇంటి చుట్టూ ఎక్కడ ఉన్నా, మిద్దె తోట ఆలోచన పక్కన పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. సంచిలోని మట్టికి నేల అడుగునుంచి తేమ అందదు, అక్టోబరులో పగటి ఉష్ణోగ్రత ఇంకా 32 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి మిద్దె మీద రోజూ నీరు పోయక తప్పదు, రెండు రోజులు ఊరికి వెళితే తోట చేతికి రాదు. ఇరుకు వీధుల్లో, నాలుగు వైపులా గోడలు లేచిన ఇళ్లలో మిద్దె తప్ప ఎండ దొరికే చోటు లేనివారికి అదే దారి.

అలాంటివారు ముందు చూసుకోవలసింది బరువు. పన్నెండు అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గుండ్రటి సంచిలో ఇరవై లీటర్ల పైచిలుకు మట్టి పడుతుంది, తడిసిన ఉత్త మట్టితో అది ముప్పై ఐదు కిలోలకు చేరవచ్చు. అదే ఎర్రమట్టి, చివికిన ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపితే బరువు బాగా తగ్గుతుంది. కాంక్రీటు స్లాబు మీదైనా సంచులను దూలాల వరుసలోనూ, గోడల అంచునూ పెట్టుకోవాలి, నడుమ గుంపుగా చేర్చకూడదు. పాత బండల మిద్దెలు, మట్టి మిద్దెలు ఉన్న ఇళ్లలో ఈ ప్రయత్నమే వద్దు. వాటి మీద నిలిచే తేమ బరువు కంటే ఎక్కువ హాని చేస్తుంది. సంచుల రంగు విషయంలో నలుపు కంటే తెలుపు లేదా లేత రంగు మేలు. మట్టి కుండీలు అందంగా ఉంటాయి, వేర్లను చల్లగా ఉంచుతాయి, కానీ పక్కల నుంచి నీరు ఆవిరవుతుంది కాబట్టి నీటి ఎద్దడి ఉన్న ఇంటికి అవి తగవు. కొబ్బరి పొట్టు ఇటుకలు కొన్నవారు వాటిని మంచి నీటిలో నానబెట్టి, పిండి, ఆ నీటిని పారబోయడం రెండు మూడుసార్లు చేయాలి, లేకపోతే అందులోని ఉప్పు మన బోరు నీటి ఉప్పుకు తోడవుతుంది.

ఎరువులో ఏది?

మన మూడు జిల్లాల్లో పెరటికి దొరికే ఎరువులు ప్రధానంగా నాలుగు రకాలు: పశువుల ఎరువు, గొర్రెల ఎరువు, వానపాముల ఎరువు, నూనె చెక్కలు. నత్రజని లెక్కన చూస్తే పశువుల ఎరువులో అర శాతం, వానపాముల ఎరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం, ఎండు గొర్రెల ఎరువులో మూడు శాతం దాకా, వేప చెక్కలో ఐదు, వేరుశనగ చెక్కలో ఏడు శాతం వరకు ఉంటుందని సాధారణంగా చెబుతారు. ఈ అంకెలు చూసి చెక్కలే గొప్పవనుకోవడం పొరపాటు. శరత్కాలంలో మడికి కావలసింది బలం ఒక్కటే కాదు, మట్టి గుల్లదనం కూడా. ఆ పని పిడికెడు చెక్కతో జరగదు, గంపల కొద్దీ పడే ఎరువుతోనే జరుగుతుంది.

బాగా చివికిన పశువుల ఎరువు దొరికితే దానినే పునాదిగా పెట్టుకోవాలి. చదరపు మీటరుకు రెండున్నర కిలోలు వేస్తే ఎకరాకు పది టన్నుల లెక్క అవుతుంది, పెరటి మడికి అంతకు రెట్టింపు వేసినా చెడు లేదు. చివకని పెంట మాత్రం వేయకూడదు. దాని వెంట వేరు పురుగు వస్తుంది, వేరుశనగ పండే ఎర్ర నేలల రైతులకు ఆ తెల్లటి పురుగు సంగతి వేరే చెప్పనక్కరలేదు. గొర్రెల మందలు తిరిగే మన ప్రాంతంలో గొర్రెల ఎరువు చవకగానే దొరుకుతుంది, బలంలోనూ మేటి. దానికి రెండు జాగ్రత్తలు కావాలి. పచ్చిగా వేస్తే నారు మాడుతుంది కాబట్టి రెండు మూడు నెలలు తడిపి మాగబెట్టాలి. సర్కారు తుమ్మ కాయలు తిన్న మందల ఎరువులో ఆ గింజలు అరగకుండా వచ్చి, మడిలో కూరగాయల కంటే ముందు కంపచెట్లు మొలుస్తాయి కాబట్టి మొలకలు కనిపించిన వెంటనే పీకేయాలి. ఇప్పుడు హస్త కార్తెలో హడావుడిగా మడి కట్టేవారికి మాగబెట్టే వ్యవధి ఉండదు, వారికి పశువుల ఎరువుతో పాటు కొంత వానపాముల ఎరువు కొనడమే దారి. నల్లరేగడికి మాత్రం, వచ్చే ఏడాది కోసం ఇప్పుడే గొర్రెల ఎరువును ఒక మూల మాగబెట్టుకోమని నా సలహా.

చెక్కల్లో వేప చెక్కకే నా ఓటు. చదరపు మీటరుకు వంద గ్రాములు మట్టిలో కలిపితే కొంత పోషకమూ, కొంత పురుగు నివారణా రెండూ జరుగుతాయి. వేరుశనగ చెక్క ఎలుకలను, చీమలను పిలుస్తుంది. నానబెట్టి పులియనిచ్చి, పలుచన చేసి పోస్తే ఆ బాధ తగ్గుతుంది కానీ వాసనకు ఇరుగుపొరుగు ఓర్చుకోవాలి. ఆముదం చెక్క బలమైనదే అయినా అందులో విషం ఉంటుంది, కుక్కలు, మేకలు, కోళ్లు తిరిగే పెరట్లో దాని జోలికి వెళ్లకపోవడం మంచిది.

నారు కుళ్లు భయం ఉన్న నల్ల నేలల్లోనూ, కడప వానల్లోనూ కుళ్లు తెగుళ్లను అణచే మేలు శిలీంధ్రమైన ట్రైకోడెర్మా విరిడె పొడిని ఎరువుతో కలిపి వాడడం ఖర్చుకు తగిన పని. కిలో ఎరువుకు ఇరవై గ్రాముల చొప్పున కలిపి, తేమ ఆరకుండా నీడలో వారం పది రోజులు ఉంచి మడికి వేయాలి. అనంతపురం ఎర్ర నేలలో ఇది లేకపోయినా గడుస్తుంది.

నీరు ఎలాంటిదో చూసిన తరువాతే పంట

పంట ఎంపికలో చాలామంది నేలను చూస్తారు కానీ నీటిని చూడరు. సీమలో లోతైన బోర్ల నీరు చాలాచోట్ల ఉప్పదనంతో ఉంటుంది. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే, గోడకు తగిలిన నీటి చార తెల్లగా ఎండుతుంటే, ఆ నీటికి తగిన పంటనే ఎంచుకోవాలి. బీన్స్, క్యారెట్, ఎర్రగడ్డ ఉప్పు నీటిని ఏమాత్రం ఓర్చుకోలేవు. టమోటా, వంకాయ ఓ మోస్తరుగా తట్టుకుంటాయి. బీట్‌రూట్, పాలకూర బాగా నిలబడతాయి. కాబట్టి బోరు నీరే గతి అయిన ఇంట్లో క్యారెట్ మోజు వదులుకుని బీట్‌రూట్ వేయడం, తుంగభద్ర నీరు కుళాయికి వచ్చే కర్నూలు ఇంట్లో ఎర్రగడ్డ వేసుకోవడం రెండూ సరైన నిర్ణయాలే. ఇంట్లో నీటి శుద్ధి యంత్రం వదిలే నీటిని వృథా పోనివ్వకూడదని మొక్కలకు పోసేవారు ఉన్నారు. అది మామూలు నీటికంటే ఎక్కువ ఉప్పు ఉన్న నీరు, బండలు కడగడానికి వాడుకోవాలి తప్ప మడికి పోయకూడదు.

వాన నీటిని పట్టుకోవడానికి కూడా ఇదే కాలం. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే తొమ్మిది వందల లీటర్లకు పైగా నీరు పడుతుంది, అందులో కొంత పోయినా నాలుగు డ్రమ్ములు నిండుతాయి. ఆ నీటిని నారు పోసుకోవడానికీ, మొలకల మొదటి రెండు వారాలకూ దాచుకుంటే బోరు నీటి ఉప్పు లేత వేర్లకు తగలదు.

నీరు పెట్టే పద్ధతిలో డ్రిప్పు, పాతిన కుండ, చేతి గొట్టం మూడింటినీ పోల్చితే, ఎనిమిది పది మడులకు మించిన తోటకు డ్రిప్పు, రెండు మూడు మడుల తోటకు చేతి గొట్టం సరిపోతాయి. ఉప్పు నీటికి డ్రిప్పు రంధ్రాలు పూడుకుపోతుంటాయి కనుక వాటిని తరచూ విప్పి శుభ్రం చేసే ఓపిక లేనివారు దానిపై డబ్బు పెట్టవద్దు. మట్టి కుండను మెడ దాకా పాతి, నీరు నింపి, మూత పెట్టే పాత పద్ధతి ఎర్ర నేలలో సొర, బీర పాదులకు చక్కగా పనిచేస్తుంది, తరచూ ఊళ్లు తిరిగేవారికి అంతకంటే నమ్మకమైనది లేదు. ఉప్పు నీరు ఆ కుండ రంధ్రాలనూ కాలక్రమంలో మూసేస్తుంది, అప్పుడు కొత్త కుండ మార్చాలి. నల్లరేగడిలో దాని అవసరం లేదు.

సున్నం ఎక్కువైన నేలల్లో లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. దానికి ఎరువు పెంచడం కంటే, లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి వారం వ్యవధితో రెండుసార్లు పిచికారీ చేయడమే సరైన ఎంపిక.

విత్తనమా, నారా, ఏ కార్తెలో ఏది?

వేరు పంటలనూ, ఆకుకూరలనూ నేరుగా విత్తాలి. క్యారెట్ నారు అమ్మే చోటు కనిపించినా కొనకూడదు, నాటితే దుంప వంకర పోతుంది. టమోటా, వంకాయ, మిరప నారును కొనడమా, పోసుకోవడమా అన్నది సమయాన్ని బట్టి ఉంటుంది. టమోటాకు 25 నుంచి 30 రోజులు, వంకాయకు 30 నుంచి 35, మిరపకు 35 నుంచి 40 రోజుల నారు కావాలి. ఉత్తర కార్తెలోనే నారు పోసినవారు ఇంటి నారుతో నడుస్తారు. అక్టోబరు రెండో వారంలో చిత్త కార్తె వచ్చాక మేల్కొన్నవారు షేడ్‌నెట్ నర్సరీలో ట్రేలలో పెంచిన నారు కొనుక్కోవడమే మేలు. కొనేటప్పుడు పొడవుగా సాగిన నారును, పూత పట్టిన నారును తీసుకోకుండా, పొట్టిగా లావు కాండంతో ఉన్నదానిని ఎంచుకోవాలి. చుట్టూ పత్తి, మిరప చేలున్న కర్నూలు ఊళ్లలో తెల్లదోమ వల్ల టమోటాకు ఆకుముడత తెగులు రాక తప్పదు. అక్కడ నాటు రకాల మీద ప్రేమ కొంత తగ్గించుకుని, బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ వంటి ఆకుముడతను తట్టుకునే హైబ్రిడ్‌ను ఎంచుకోవాలి. విత్తనం దాచుకోవాలన్న కోరిక ఉంటే అది వంకాయలోనో, చిక్కుడులోనో తీర్చుకోవచ్చు, ఎందుకంటే హైబ్రిడ్ విత్తనం మరుసటి ఏడాదికి అదే గుణంతో రాదు.

హస్తలో ముల్లంగి, బీట్‌రూట్, నారు మొక్కలు. ఎండ మరికొంత తగ్గే చిత్తలో కొత్తిమీర, మెంతి, పాలకూర, చుక్కకూర. కొత్తిమీరను హస్తలోనే తొందరపడి వేస్తే త్వరగా పూతకు వెళుతుంది. ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి చల్లితేనే మొలక సమంగా వస్తుంది. గోగాకు పగటి వేళ తగ్గుతున్నకొద్దీ పూతకు వచ్చే మొక్క, కాబట్టి ఈ కాలంలో దానికి మడి కేటాయించడం దండగ. అదే గుణం వల్ల పందిరి చిక్కుడు మాత్రం, జూలై, ఆగస్టు నెలల్లో విత్తినవారికి ఇప్పుడు పూత పట్టి చలికాలమంతా కాపునిస్తుంది. ఆ అదను తప్పినవారు ఇప్పుడు పందిరి వేసే శ్రమ పడకుండా, పగటి నిడివితో పనిలేని అర్క జయ్, అర్క విజయ్ వంటి పొద చిక్కుడును ఎంచుకోవాలి. క్యారెట్, ముల్లంగి ఎర్ర నేల పంటలు, నల్లరేగడిలో దుంప చీలుతుంది. కాలీఫ్లవర్‌కు మన చలి అరకొరగానే అందుతుంది, వేడిని తట్టుకునే రకం అని నర్సరీవారు నమ్మకంగా చెబితే తప్ప దానికంటే క్యాబేజీ నయం.

నల్లరేగడి పెరడు ఉన్నవారికి ఒక ప్రత్యేకమైన సూచన. కర్నూలు, నంద్యాల రైతులు చిత్త, స్వాతి కార్తెల్లో చేలల్లో వేసే శనగనూ, వాన మీద ఆధారపడి నల్ల నేలల్లో పండించే ధనియాలనూ పెరట్లోకి తెచ్చుకోవచ్చు. నేలలో దాగిన తేమతోనే అవి చాలావరకు ఎదుగుతాయి. లేత శనగాకు కూరకు, ఆ తరువాత పచ్చి శనగకాయలు పిల్లలకు. నీరు తక్కువైన ఇంటికి టమోటా మడి కంటే శనగ మడి ఎంతో నిశ్చింత.

ఇక మడి మీద కప్పే ఆచ్ఛాదన. అనంతపురంలో నూనె మిల్లుల దగ్గర దొరికే వేరుశనగ పొట్టు తేలికైనది, చవకైనది, రెండంగుళాల మందం పరిస్తే నీరు సగం ఆదా అవుతుందనిపిస్తుంది. కాండం కుళ్లు తెగులు సోకిన చేల పంట నుంచి వచ్చిన పొట్టు అయితే ఆ తెగులు టమోటాకూ అంటుకుంటుంది, కాబట్టి మొక్క మొదలుకు తగలకుండా నాలుగంగుళాల దూరం వదలాలి. చెదలు ఎక్కువున్న ఎర్ర నేలలో ఎండుటాకుల కంటే పొట్టు మేలు. కడపలో వాయుగుండాల కాలం దాటే దాకా పలుచగానే కప్పాలి. ప్లాస్టిక్ షీటు పొలానికి పనికొస్తుంది, నాలుగు మడుల పెరటికి అవసరం లేదు. పురుగు మందుల్లో కూడా పెరటికి వేప గింజల కషాయమే మొదటి ఎంపిక కావాలి: లీటరు నీటికి యాభై గ్రాముల గింజల పొడిని గుడ్డలో కట్టి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బు నీరు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. వేసవిలో గింజలు ఏరి పెట్టుకోనివారు లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేప నూనెతో సరిపెట్టుకోవచ్చు.

ఒక్క ఆదివారం మాత్రమే చేతిలో ఉన్నవారు ఇవన్నీ చేయాలని ప్రయత్నించి ఏదీ పూర్తి చేయలేక విసిగిపోవద్దు. గుంత పరీక్ష చేసి, ఒకే ఒక్క మడిని సరైన మట్టంలో కట్టి, రెండు గంపల చివికిన ఎరువు కలిపి, మెంతి, పాలకూర చల్లితే చాలు. నెల తిరగకముందే మెంతికూర కోతకు వస్తుంది, మిగిలిన మడులు స్వాతి కార్తెలోనూ కట్టుకోవచ్చు. నేల గుణం మీద అనుమానం ఉంటే మట్టి నమూనాతో దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లవచ్చు. అనంతపురం వారికి రెడ్డిపల్లి, కర్నూలు వారికి బనవాసి, కడప వారికి ఊటుకూరు కేంద్రాలు ఉన్నాయి.

పూల మొక్కల దగ్గర ఎంపిక తేలిక. చామంతి పిలకలను జూన్, జూలై నెలల్లో నాటి ఉండాలి, ఇప్పుడు నాటితే మొక్క ఎదగకుండానే పూత పడుతుంది, కాబట్టి కావలసినవారు మొగ్గ తొడిగిన కుండీనే కొనుక్కోవాలి. బంతి నారు మాత్రం ఇప్పుడు పోసినా సంక్రాంతికి పూలు అందుతాయి. గులాబీని వానలు తగ్గిన అక్టోబరులో కత్తిరిస్తే ఆరేడు వారాల్లో పూతకు వస్తుంది. అదే కత్తెర చేతిలో ఉంది కదా అని మల్లె పొదను కూడా ఇప్పుడే కత్తిరించవద్దు. నవంబరు చివరి దాకా దానికి నీరు తగ్గిస్తూ వచ్చి, ఆ తరువాతే కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, ఎరువు వేయాలి.